నాన్న ముక్కు రక్తం, తమ్ముడి మెదడులో ఏవీఎం: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్లు. ఆరు నెలల క్రితం మా తమ్ముడికి (29) ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్ఐలో మెదడులో ఏవీఎం (రక్తనాళాల ముడి) ఉందని, కొంచెం రక్తం కారిందని తేలింది. వైద్యం జరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. అక్కడ ఒక జూనియర్ డాక్టరుగారు "మీ ఇంట్లో ఎవరికైనా తరచూ ముక్కులోంచి రక్తం వస్తుందా?" అని అడిగారు. మా నాన్నకి (63) చిన్నప్పటి నుంచీ అదే బాధ. రెండుసార్లు రక్తం ఎక్కించారు. రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ నార్మల్ అన్నారు, వేడి శరీరం అనుకుని వదిలేశాం. ఆయన పెదాల మీద, వేళ్ల చివర ఎర్ర చుక్కలు కూడా ఉన్నాయి. మా మేనత్త ఎనిమిదో నెల గర్భంతో ఉండగా దగ్గులో రక్తం పడి, ఆసుపత్రికి చేరేలోపే పోయింది. నాకూ వేసవిలో ముక్కులోంచి రక్తం కారుతుంది. ఇప్పుడు మా పాపకి (9) మొదలైంది. నాది మేనరికం, మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. "మేనరికం వద్దంటే విన్నారా" అని అత్తయ్య రోజూ అంటోంది. అమ్మానాన్నలది మాత్రం బయటి సంబంధమే. చెల్లికి (25) సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి ఎక్కడా ఎత్తొద్దని నాన్న అంటున్నారు. ఇది వంశంలో వచ్చేదేనా? పిల్లలకి పరీక్షలు చేయించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

ఆ జూనియర్ డాక్టరుగారు అడిగిన ప్రశ్న మీ ఇంటికి ఎంతో మేలు చేసింది. మెదడులో ఏవీఎం బయటపడిన ప్రతి ఒక్కరినీ ఆ మాట అడగాలి. ఫిట్స్ హడావుడిలో ముక్కు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్నగారి ముక్కు, ఆయన పెదాల మీద చుక్కలు, కడుపుతో ఉన్న మేనత్తకి దగ్గులో పడిన రక్తం, తమ్ముడి మెదడు, పాప ముక్కు. ఇన్నేళ్లూ మీరు వీటిని వేటికవే విడిగా చూశారు. నాన్నగారి వైపు నుంచి వరుసగా పెట్టి చూస్తే అన్నిటికీ కారణం ఒకటే కావచ్చని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఉత్తరం చూసి జబ్బు ఖాయం చెయ్యకూడదు, నేనూ చెయ్యను. అయినా అనుమానం పేరు చెప్పకపోతే మీరు డాక్టరు దగ్గర ఏమని అడుగుతారు? దాని పేరు హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేసియా. పొట్టిగా హెచ్‌హెచ్‌టీ అంటారు. ఈ మూడక్షరాలు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇది రక్తంలో లోపం కాదు, రక్తం పారే గొట్టాల్లో లోపం. నాన్నగారికి గడ్డకట్టే పరీక్షలన్నీ నార్మల్‌గా రావడానికి కారణం అదే. మీది డెల్టా ప్రాంతం కాబట్టి కాలువలతో చెబుతాను. పెద్ద కాలువలో నీళ్లు జోరుగా వస్తాయి. అవి పిల్ల కాలువల్లోకి, బోదెల్లోకి చీలి, నెమ్మదించి చేలల్లో పారతాయి. మిగిలిన నీళ్లు మురుగు కాలువలో కలుస్తాయి. మురుగు కాలువ గట్టు బలహీనంగా ఉన్నా ఫరవాలేదు, అక్కడికి వచ్చేసరికి నీళ్లకి జోరు ఉండదు. ఒంట్లో కూడా ఇంతే. ధమనిలో ఒత్తిడి ఎక్కువ. మధ్యలో వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలుంటాయి. వాటిని దాటాకే రక్తం సిరలోకి చేరుతుంది. ఇప్పుడు పెద్ద కాలువకి గండి కొట్టి నేరుగా మురుగు కాలువలోకి వదిలారనుకోండి. చేను ఎండుతుంది, మురుగు కాలువ గట్టు ఆ జోరుకి ఉబ్బి ఎక్కడో తెగుతుంది. ధమని, సిర అలా మధ్యలో ఏమీ లేకుండా అతుక్కుపోతే దాన్నే ఏవీఎం అంటారు. అదే లోపం ముక్కు లోపలి పొరలోనో, పెదవి మీదో గుండుసూది తలంత ఉంటే నాన్నగారి ఎర్ర చుక్క అవుతుంది. ముక్కులో చుక్క మీది పొర చాలా పల్చన, పొడి గాలి తగిలినా చిట్లుతుంది. వేసవిలో ఎక్కువ కావడం చూసి మనవాళ్లు "వేడి చేసింది" అంటారు. మజ్జిగ, సబ్జా గింజలు తాగితే చల్లగా ఉంటుంది, తాగండి. చుక్కలు మాత్రం వాటితో పోవు.

రక్తనాళాల లోపలి గోడ కణాలకి "ఇక పెరిగింది చాలు, కుదురుగా ఉండు" అని చెప్పే ఒక సంకేతం ఉంటుంది. ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లను తయారు చేసే జన్యువులు ముఖ్యంగా రెండు. ఒకటి ఈఎన్‌జీ, 1994లో కనుక్కున్నారు. రెండోది ఏసీవీఆర్ఎల్1, 1996లో. హెచ్‌హెచ్‌టీ కుటుంబాల్లో ఎక్కువ శాతం ఈ రెండిట్లో ఏదో ఒకదానిలో మార్పు వల్లే. కొద్దిమందిలో ఎస్‌ఎంఏడీ4 అనే మూడోది కారణం. అది ఉన్నవాళ్లకి పెద్దపేగులో పాలిప్స్ (చిన్న కండ గడ్డలు) కూడా వస్తాయి కాబట్టి పేగు పరీక్ష చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. జబ్బు మాత్రం పాతదే. హెన్రీ రాందు అనే ఫ్రెంచి డాక్టరు 1896లోనే ఇది హీమోఫీలియా కాదని విడదీసి చెప్పాడు. ఆ తర్వాత 1901లో విలియం ఆస్లర్, 1907లో పార్క్స్ వెబర్ రాశారు. మీ పాత రిపోర్టుల్లో ఎక్కడైనా "ఆస్లర్ వెబర్ రాందు" అని కనిపిస్తే ఇదే అని తెలుసుకోండి. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అంటే మరీ అరుదేం కాదు. చాలామంది మీ నాన్నగారిలాగే పేరు తెలియకుండా రక్తం ఎక్కించుకుంటూ బతికేస్తున్నారు.

మీకు రావలసిన సందేహం ఒకటుంది. జన్యువు ఒకటే అయితే నాన్నకి ముక్కులో, తమ్ముడికి మెదడులో ఎందుకు? ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఈ జబ్బులో ఒక ప్రతి పుట్టుకతోనే పాడై ఉంటుంది, రెండోది పని నడిపిస్తుంటుంది. శరీరంలో ఏదో ఒకచోట, ఏదో ఒక కణంలో ఆ రెండో ప్రతి కూడా దెబ్బతింటే అక్కడ నాళం వంకర పోతుంది. చర్మం మీది చుక్కల్లో సరిగ్గా ఇలాంటి రెండో దెబ్బే ఉందని 2019లో తేలింది. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పలేం. అందుకే ఒకే ఇంట్లో ఒకరు చుక్కలతో ఎనభై ఏళ్లు బతుకుతారు, మరొకరికి ముప్పై లోపే మెదడులో కనిపిస్తుంది. ముక్కు నుంచి తక్కువగా కారే మనిషికి లోపల ఏమీ ఉండదని అనుకోవడం తప్పు. మీకు వేసవిలో మాత్రమే కారుతుందని రాశారు, ఆ మాట నాకు ధైర్యం ఇవ్వదు.

ఇక మేనరికం. అత్తయ్యగారికి ఈ పేరా చదివి వినిపించండి. మేనరికంతో ఇబ్బంది వచ్చేది అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రెండు ప్రతులూ పాడైతేనే బయటపడే జబ్బుల్లో. హెచ్‌హెచ్‌టీకి ఒక్క ప్రతి చాలు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, ఆడైనా మగైనా. పెళ్లి బంధువుల్లో జరిగిందా, బయటి సంబంధమా అన్న తేడా లేదు. పైగా మీ ఇంట్లో ఇది నాన్నగారి వైపు నుంచి వస్తున్నట్టుంది. మీవారు మీ అమ్మ వైపు బంధువు. మీ ఇద్దరికీ ఉన్న ఉమ్మడి రక్తం ఈ దారిలో లేనే లేదు. మీరు ఊరూ పేరూ తెలియని కుర్రాణ్ణి చేసుకున్నా పాపకి వచ్చే అవకాశం ఇంతే ఉండేది. ఈ నింద మీరు మోయనక్కర్లేదు, మీవారూ మోయనక్కర్లేదు.

జబ్బు ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు నాలుగు అంశాలు చూస్తారు. 2000లో ప్రచురించిన ఈ కొలతకి కురసావ్ అనే కరీబియన్ ద్వీపం పేరు పెట్టారు, ఆ ద్వీపంలో ఈ జబ్బు చాలా ఎక్కువ. తనంతట తాను పదే పదే వచ్చే ముక్కు రక్తం, పెదాల మీదా నోట్లోనూ వేళ్ల మీదా చుక్కలు, లోపలి అవయవాల్లో ఏవీఎం, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో పిల్లల్లోనో ఈ జబ్బు ఉండటం. మూడు ఉంటే ఖాయం, రెండు ఉంటే అనుమానం. మీరు రాసిన దాన్ని బట్టి నాన్నగారికి రెండు కనిపిస్తున్నాయి. తమ్ముడికి ఏవీఎం ఉంది, ముక్కు సంగతి మీరు రాయలేదు. అడగండి. మగపిల్లలు ఇలాంటివి ఇంట్లో చెప్పరు. పాపకి చుక్కలు లేవని ఊరుకోవద్దు, అవి చాలామందిలో పెద్దయ్యాకే వస్తాయి. పిల్లల్లో ఈ నాలుగు అంశాల లెక్క తక్కువ చూపిస్తుంది, వాళ్లకి జన్యు పరీక్షే నమ్మకం.

తమ్ముడికి మెదడులో వచ్చింది కాబట్టి మీ భయమంతా మెదడు చుట్టూ తిరుగుతోంది. నా ఆలోచన మాత్రం ముందు ఊపిరితిత్తుల మీదకి పోయింది, మీ మేనత్త వల్ల. హెచ్‌హెచ్‌టీ ఉన్న 100 మందిలో మెదడులో ఏవీఎం సుమారు 10 మందికి ఉంటే, ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 మందికి ఉంటుంది. చాలామందికి ఆయాసం కూడా ఉండదు. ఊపిరితిత్తులు రక్తానికి జల్లెడ లాంటివి, చిన్న చిన్న గడ్డలనీ, క్రిములనీ అక్కడే పట్టేస్తాయి. జల్లెడకి చిల్లు పడితే అవి నేరుగా మెదడుకి వెళ్తాయి, పక్షవాతమో, మెదడులో చీముగడ్డో వస్తుంది. గర్భిణిలో రక్తం పరిమాణం పెరుగుతుంది, ఈ ఏవీఎంలు పెద్దవై చిట్లవచ్చు. మేనత్తకి జరిగింది అదేనని ఇప్పుడు ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ కడుపుతో ఉన్న మనిషికి దగ్గులో రక్తం పడిందన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పనిలో చేరిన కొత్తలో నేను కూడా ముక్కు రక్తంతో వచ్చినవాళ్లకి దూది పెట్టి పంపించాను, "మీ నాన్నకి ఉందా, మీ అత్తకి ఉందా" అని అడగలేదు. ఆ ప్రశ్న ఎంత పనిచేస్తుందో తర్వాత తెలిసింది.

ఊపిరితిత్తుల పరీక్ష సులువైనది. దాన్ని బబుల్ ఎకో అంటారు. సెలైన్‌ని సిరంజీల్లో బాగా కుదిపి సన్నటి బుడగలు చేసి చేతి నరంలోకి ఎక్కిస్తారు, ఎకోలో గుండెని చూస్తుంటారు. మామూలుగా ఆ బుడగలు ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతాయి. కాసేపటికి గుండె ఎడమ గదుల్లో కనిపిస్తే దారిలో చిల్లు ఉందన్నమాట, అప్పుడు సీటీ స్కాన్ తీస్తారు. చికిత్స చెయ్యాల్సినంత పెద్దది ఉంటే ఛాతీ కొయ్యక్కర్లేదు. తొడ దగ్గర నరం గుండా సన్నటి ట్యూబు పంపి, లోపల చిన్న తీగచుట్టలాంటిది పెట్టి ఆ దారి మూసేస్తారు. ఇలా ముందే మూసుకోవచ్చు కాబట్టే పరీక్ష చేయించుకోమని ఇంత పట్టుగా చెబుతున్నాను. ఊపిరితిత్తుల్లో ఏవీఎం ఉందని తేలినవాళ్లు, చిన్నదైనా సరే, రెండు సంగతులు జీవితాంతం గుర్తుంచుకోవాలి. పళ్లు పీకించుకునే ముందు, క్లీనింగ్‌కి ముందు కూడా యాంటీబయాటిక్ వేసుకోవాలి. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో గాలి బుడగ లేకుండా చూడమని నర్సుకి చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా మీరందరూ ఇలాగే జాగ్రత్త పడితే నష్టమేమీ లేదు.

జన్యు పరీక్షకి ఒక వరుస ఉంది, అది తప్పితే డబ్బు వృథా. ముందు పాపకి చేయించకండి. జబ్బు స్పష్టంగా కనిపిస్తున్న మనిషికి, అంటే నాన్నగారికో తమ్ముడికో చేయించండి. కావలసింది కొంచెం రక్తమే. వాళ్లలో మార్పు ఎక్కడుందో దొరికితే, మిగతావాళ్లలో ఆ ఒక్క చోటు చూస్తే సరిపోతుంది. అప్పుడు పాపకి లేదని వస్తే నిజంగా లేనట్టే, స్కాన్లూ అక్కర్లేదు, తన పిల్లల గురించీ బెంగ అక్కర్లేదు. ఉందని వస్తే ఏయే వయసులో ఏం చూడాలో తెలుస్తుంది. పిల్లలకి కూడా ఊపిరితిత్తులు, మెదడు చూడటం అవసరమే. ఒకవేళ నాన్నగారి రిపోర్టులో ఏమీ దొరకకపోతే "జబ్బు లేదు" అని సంబరపడకండి. కొన్ని కుటుంబాల్లో మార్పు పరీక్షకి చిక్కదు, అప్పుడు ఆ నాలుగు అంశాలనే నమ్మి అందరికీ స్కాన్లు చెయ్యాలి. "అర్థం తెలియని మార్పు" అని కూడా ఒక్కోసారి రాస్తారు, దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రిపోర్టు నెట్‌లో వెతికి చదువుకోకుండా జెనెటిక్స్ డాక్టరు దగ్గర కూర్చుని విప్పించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ముందు అక్కడ అడగండి.

మెదడులో ఏవీఎం ఉన్న ఇతర పాఠకులు ఇది చదివి కంగారు పడతారేమో, వాళ్లకోసం ఒక మాట. మెదడు ఏవీఎంలలో ఎక్కువ భాగం వంశంలో వచ్చేవి కావు. ఆ ఒక్క చోట, ఆ మనిషి పుట్టకముందో తర్వాతో కణాల్లో వచ్చిన మార్పు వల్ల వస్తాయి. 2018లో చూసిన అలాంటి ఏవీఎంలలో సగానికి పైగా కేఆర్ఏఎస్ అనే జన్యువులో మార్పు దొరికింది. ఆ మార్పు ఆ ముడిలోనే ఉంటుంది, పిల్లలకి పోదు. ఇంట్లో ముక్కు రక్తం, చుక్కలు, రెండో మనిషికి ఏవీఎం లేనప్పుడు వంశం గురించి ఆలోచించాల్సిన పని తక్కువ. వంశంలో వచ్చేవి ఇంకో రెండున్నాయి. చర్మం మీద చుట్టూ పాలిపోయిన అంచుతో గులాబీ రంగు మచ్చలు ఇంట్లో నలుగురికి ఉంటే ఆర్ఏఎస్ఏ1, ఈపీహెచ్‌బీ4 అనే జన్యువులు చూస్తారు. ఎంఆర్ఐలో మల్బరీ పండు ఆకారంలో గుత్తులు కనిపిస్తే అది కావర్నోమా, దాని జన్యువులు వేరే మూడున్నాయి. జెనెటిక్స్ డాక్టరు మీ తమ్ముడికి వీటిని కూడా కలిపే చూస్తారు.

నాన్నగారి సంగతి. రెండుసార్లు రక్తం ఎక్కించారు అంటే ఐరన్ ఎన్నేళ్లుగా అడుగంటి ఉందో! హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించండి. మాత్రలు సరిపోకపోతే ఐరన్ ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. నీరసం "వయసు" అని ఆయనే అనుకుంటూ ఉంటారు, ఐరన్ నిండాక తేడా ఆయనకే తెలుస్తుంది. ముక్కుకి రోజూ సెలైన్ స్ప్రే, తడి ఆరకుండా ఉంచే జెల్ మొదటి మెట్టు. అది చాలకపోతే రక్తం కారడం తగ్గించే ట్రనెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. ఇంకా తీవ్రమైతే బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ వాడుతున్నారు. ముక్కు లోపల పదే పదే కాల్పించుకోవడం మాత్రం మంచిది కాదు, మధ్య గోడకి చిల్లు పడుతుంది. లివర్ స్కాన్‌లో ఏదైనా కనిపించి బయాప్సీ అంటే, ముందు హెచ్‌హెచ్‌టీ అనుమానం ఉందని చెప్పండి. ఈ జబ్బులో లివర్‌కి సూది గుచ్చకూడదు.

పాపకి ముక్కులోంచి రక్తం కారినప్పుడు తల వెనక్కి వాల్చకండి, రక్తం గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి కొంచెం ముందుకి వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని గడియారం చూసి పది నిమిషాలు వదలకండి. మధ్యలో తీసి చూస్తే మళ్లీ మొదలవుతుంది. బడిలో టీచరుకి కూడా ఇది చెప్పి ఉంచండి. ఇంట్లో ఎవరికైనా ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, దగ్గులో రక్తం పడినా తెల్లారేదాకా ఆగొద్దు.

చెల్లి పెళ్లి విషయంలో నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్ల సంబంధం చెడిపోతుందని తండ్రి భయపడటంలో తప్పు లేదు. కానీ ఆ ఇంటి నుంచి పెళ్లయి వెళ్లిన ఒక ఆడపిల్లకి కాన్పు ముందు ఏమైందో ఆయనకే బాగా తెలుసు, తోబుట్టువు కదా. ఆ మాట ఆయనతో నెమ్మదిగా, మీరిద్దరే ఉన్నప్పుడు అనండి. చెల్లికి ఇది ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, లేకపోవడానికి సగం అవకాశం ఉంది. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, 25 ఏళ్ల మనిషి. అయితే బబుల్ ఎకో మాత్రం పెళ్లి మాటలకి ముందే చేయించండి, దానికి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. జబ్బు ఉందని తేలితే అబ్బాయికి నిశ్చితార్థానికి ముందే చెప్పాలని నా అభిప్రాయం. మధ్యవర్తి చేత కాదు, చెల్లే స్వయంగా, రిపోర్టు చేతిలో పెట్టుకుని చెప్పాలి. ఊపిరితిత్తులు ముందే చూసుకుని, అవసరమైతే సరిచేయించుకున్న హెచ్‌హెచ్‌టీ స్త్రీలలో ఎక్కువమంది కాన్పులు క్షేమంగానే జరుగుతాయి. ఈ మాట అబ్బాయికీ తెలియాలి. దాచి పెళ్లి చేస్తే రేపు ఎనిమిదో నెలలో ఆమెకి దగ్గు వస్తే, పక్కనున్న వాళ్లెవరికీ అదేమిటో తెలియదు.

ఈ వారంలో ఒక పని చెయ్యండి. తెల్ల కాగితం మీద తాతగారి నుంచి పాప వరకు అందరి పేర్లూ చెట్టులా గియ్యండి. ప్రతి పేరు పక్కన ముక్కు రక్తం, చుక్కలు, ఫిట్స్, పక్షవాతం, రక్తహీనత, పోయినవాళ్లయితే ఏ వయసులో ఎలా పోయారు అన్నది రాయండి. మేనత్త పిల్లలుంటే, బాబాయిలూ పెదనాన్నలూ ఉంటే వాళ్లకి ఫోన్ చేసి అడగండి. మీ పిల్లల్లాగే వాళ్ల పిల్లలకీ ఇది పనికొస్తుంది. ఆ కాగితం, తమ్ముడి ఎంఆర్ఐ సీడీ, నాన్నగారి పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టి నాన్నగారినీ తమ్ముడినీ వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి, ఎదురు చూస్తుంటాను.